చెట్టుకు ఒక పాస్‌బుక్

(ట్రస్టు స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో, మేట్టుపాళయంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "చిన్నపిల్లలకు చెట్టూచేమల గురించి మీరు ఏదో చెబుతున్నారట కదా, దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను శాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకు కౌంటర్ వెనుక 38 ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. 2018లో రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడాది నుంచి ఆదివారం ఉదయం పూట అయిదు నుంచి పదేళ్ళ లోపు పిల్లలను పదిమందినో పదిహేనుమందినో కూర్చోబెట్టుకుని, చెట్లు చూపిస్తూ తిరుగుతున్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదీ, పొరపాటు చేసిందీ రెండూ మీ ముందు పెడతాను. ఇంకొక మాట. మనం బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో మాట్లాడింది. తెలుగు అక్షరాలు నేను నలభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. కాబట్టి నా మాటల్లో తమిళం దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఈ తరగతి మొదలుపెట్టడానికి కారణం మా మనవరాలు. నాలుగో తరగతిలో ఉండగా పరీక్షకు చదువుకుంటూ, జీవవైవిధ్యం అంటే ఏమిటో ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. అయిదు మార్కుల ప్రశ్న అది. అయిదుకు అయిదూ వచ్చాయి. అప్పుడు నేను కిటికీలోంచి వీధి మొన చూపించి, "ఆ చెట్టు పేరేమిటమ్మా?" అన్నాను. ఆలోచించింది. "ట్రీ, తాతా" అంది.

అది కానుగ చెట్టు. ఇక్కడివాళ్ళు పుంగమరం అంటారు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి దాని నీడలోనే స్కూలు వ్యాన్ కోసం నిలబడుతోంది. పిల్లను తప్పుపట్టలేదు నేను. మేమెవ్వరం ఆ పేరు దానికి చెప్పలేదు.

1991లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వేసిన కేసులో పర్యావరణం గురించి బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని ఆదేశించింది. మంచి తీర్పు. దాన్ని అమలు చేయడానికి మనం ఒక పుస్తకం వేశాం, దానికొక పరీక్ష పెట్టాం, పరీక్షకొక గైడు వచ్చింది. పిల్ల బయటికి వెళ్ళి చెట్టును ముట్టుకోవాల్సిన అవసరం మాత్రం ఎక్కడా రాలేదు.

ఇప్పుడు నా సొంత లెక్క ఒకటి చెప్పుకోవాలి. 1996లో స్టాఫ్ లోను తీసుకుని ఇల్లు బాగుచేయించాను. పెరట్లో మట్టి, బురద, పాములు వస్తాయని భయం. మొత్తం సిమెంటు పోయించాను. మా అమ్మ ఒక్క మాట అడిగింది: "ఆ బావి దగ్గర మూల మాత్రం వదిలెయ్యి నాయనా" అని. అక్కడ కంప లాగా ఏదో ముళ్ళ తీగ అల్లుకుని ఉండేది. మేస్త్రీ సగం మూల వదిలితే బాగుండదన్నాడు, నేను సరేనన్నాను. మూడేళ్ళకు మావాడికి దగ్గు పట్టుకుంది. మందులు వాడుతున్నాం. అమ్మ తన పద్ధతిలో రసం పెడతానని ముళ్ళముస్తె కోసం చూసింది. మీలో చాలామంది తూదువళై అంటే గుర్తుపడతారు. ఊదారంగు పూలు, తీగ నిండా కొక్కేల్లాంటి ముళ్ళు. మా వీధిలో ఏడెనిమిది పెరళ్ళు తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. అందరం ఆ నాలుగైదేళ్ళలోనే సిమెంటు పోయించాం. ఎవరూ చెట్లంటే గిట్టక చేయలేదు. తలా ఒక మూల అంతే. అమ్మ నన్ను ఏమీ అనలేదు. 2006లో పోయిందాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ ఖాతా ఇప్పటికీ మూతపడలేదు.

ఒక మొక్క జాతి ఊరి నుంచి పోవడం అంటే ఇట్లాగే పోతుంది. పేపర్లో రాదు. మొదట పెరట్లోంచి పోతుంది, తర్వాత నోట్లోంచి పేరు పోతుంది. పేరు పోయాక దాన్ని వెతికేవాడు కూడా ఉండడు.

మనం ఉన్న చోటు ఎలాంటిదో పిల్లలకు ముందు తెలియాలి. మేట్టుపాళయం అంటే బయటివాళ్ళకు ఊటీ రైలు ఎక్కే స్టేషను. 1899లో ఇక్కడి నుంచి కూనూరుకు ఆ రైలు నడిచింది, 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవి మన పిల్లలకు తెలుసు. ఆ రైలు ఎక్కే కొండల సంగతి తక్కువ తెలుసు. 1986లో మన దేశంలో మొట్టమొదటి జీవావరణ రిజర్వుగా ప్రకటించింది ఈ నీలగిరినే. తమిళనాడు, కేరళ, కర్ణాటక మూడు రాష్ట్రాల్లో కలిపి 5,520 చదరపు కిలోమీటర్లు. పూలు పూసే మొక్కలే అందులో 3,300 రకాల దాకా లెక్కకు వచ్చాయి. వాటిలో నూరుకు పైగా రకాలు ఇక్కడ తప్ప లోకంలో మరెక్కడా లేవు. పశ్చిమ కనుమల్లో పన్నెండేళ్ళకొకసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, మళ్ళీ 2030లో పూయాలి. నా తరగతిలో పిల్లలకు ఇది చెప్పినప్పుడు వాళ్ళు వెంటనే వేళ్ళు మడిచి తమకు అప్పటికి ఎన్నేళ్ళో లెక్కపెట్టుకుంటారు. నేనూ లెక్కపెట్టుకుంటాను, పైకి చెప్పను.

అయితే "ఇన్ని రకాలు ఎందుకు తాతా? వడ్లు, అరటి, కొబ్బరి ఉంటే చాలదా?" అని ఒక బాబు అడిగాడు. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు మన బంగాళాదుంప మండీలోనే ఉంది. నీలగిరి దుంప ఈ ఊరి మండీలకు వచ్చే ఇతర ఊళ్ళకు పోతుందని మీకు తెలుసు. మన వాళ్ళలో కొందరు ఆ వ్యాపారంలోనే పిల్లలను చదివించారు. ఐర్లండ్ అనే దేశంలో పేదవాళ్ళు దాదాపు దుంపనే తిని బ్రతికేవారు. అందులోనూ ఎక్కువగా ఒకే రకం దుంప. దుంపను ముక్కలు కోసి నాటుతారు కాబట్టి పొలం పొలమంతా ఒకే మొక్కకు నకళ్ళన్నమాట. 1845లో ఒక తెగులు వచ్చింది. ఒక మొక్కకు పట్టింది ప్రతి మొక్కకూ పట్టింది. పాలించేవాళ్ళ తప్పులు కూడా దానికి తోడయ్యాయి. కొద్ది ఏళ్ళలో పదిలక్షల మంది దాకా పోయారు, మరో పదిలక్షలకు పైగా దేశం వదిలి ఓడలెక్కారు. దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ రైతులు నేటికీ వేల రకాలు పండిస్తారు. ఒకటి పోతే ఇంకొకటి నిలుస్తుంది.

పెద్దలకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. 1990ల చివర్లో కోయంబత్తూరు చుట్టుపక్కల ఫైనాన్స్ కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి మునిగాయి. రిటైరైన డబ్బంతా ఎక్కువ వడ్డీ ఆశతో ఒకేచోట వేసినవాళ్ళు మా కౌంటర్ ముందుకు వచ్చి ఏడ్చారు. పదిచోట్ల వేసినవాళ్ళు కూడా నష్టపోయారు గానీ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ప్రకృతి పెట్టిన డిపాజిట్లు కూడా అట్లాంటివే. ఎక్కువ వడ్డీ ఇచ్చే ఒక్క పంటకే మనం అన్నీ మార్చేస్తున్నాం.

ఇంకా మంచి కథ మన కోయంబత్తూరులోనే జరిగింది. దీన్ని ప్రతి పిల్లకూ చెప్పాలి. 1912లో కోయంబత్తూరులో చెరుకు పరిశోధన కేంద్రం పెట్టారు. ఉత్తర భారతంలో పండే చెరుకు పుల్లల్లాగా సన్నగా ఉండేది, రసం తక్కువ. దక్షిణాదిలో పండే లావు చెరుకు అక్కడి చలికి తట్టుకోదు. బార్బర్ అనే దొర, ఆయన దగ్గర పనిచేసిన టి.ఎస్. వెంకటరామన్‌గారు ఒక పని చేశారు. వెల్లై అనే మెత్తని తీపి చెరుకును, కోయంబత్తూరు ప్రాంతంలో ఊరికే మొలిచే రెల్లుతో కలిపారు. రెల్లు అంటే భవాని ఒడ్డున తెల్లని కుచ్చులు పూస్తుందే, ఆ గడ్డే. చెరుకుకు దాయాది అది. తీపి ఉండదు, కానీ చలికి, ఎండకు, తెగుళ్ళకు లొంగని మొండిఘటం. ఆ రెండింటికీ పుట్టిన సంకరం కో 205. 1918లో బయటికి వచ్చి పంజాబు పొలాలకు పోయింది. 'కో' అంటే కోయంబత్తూరే. ఆ తర్వాత ఇక్కడి నుంచి వెళ్ళిన చెరుకు రకాలు ఎన్నో దేశాల్లో సాగయ్యాయి. నేడు మనం కాఫీలో వేసుకునే చక్కెర ఏ చెరుకుదైనా దాని వంశంలో రెల్లు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆనాడు ఎవరో ఊరు శుభ్రం చేస్తామని ఆ గడ్డిని తగలబెట్టి ఉంటే?

నేను ఈ కథ పిల్లలకు ఏటి ఒడ్డునే, ఆ గడ్డి చేతికిచ్చి చెబుతాను. గడ్డి అంచు కత్తిలా ఉంటుంది, వేలు కోసుకుంటుంది, జాగ్రత్త. మునుపటిలా ఇప్పుడు అన్నిచోట్లా రెల్లు కనబడడం లేదు కాబట్టి కొంచెం నడవాల్సి వస్తోంది.

ఆ కేంద్రంలోనే 1930లలో ఇ.కె. జానకి అమ్మాళ్ గారు పనిచేశారు. 1897లో తలశ్శేరిలో పుట్టిన ఆడపిల్ల, ఆ కాలంలో అమెరికా వెళ్ళి మొక్కల శాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నారు. తర్వాత బొటానికల్ సర్వేను తిరిగి నిలబెట్టే బాధ్యత ఆమెకు అప్పగించారు. ఎనభై దాటిన వయసులో సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట కింద మునగనివ్వకూడదని గొంతెత్తినవారిలో ఆమె ఒకరు. స్కాలర్‌షిప్పు అందుకుంటున్న ఆడపిల్లలు ఈ పేరు గుర్తుంచుకోవాలని మనవి.

బ్యాంకువాణ్ణి కదా, లాకరు కథ చెప్పకుండా ఉండలేను. రష్యాలో లెనిన్‌గ్రాడ్ నగరంలో వావిలోవ్ అనే శాస్త్రవేత్త లోకమంతా తిరిగి వేలాది విత్తన రకాలు పోగుచేసి దాచారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు 1941 నుంచి 1944 దాకా ఆ ఊరిని ముట్టడించారు. జనం ఆకలితో లక్షల్లో చనిపోయారు. ఆ విత్తనాల గిడ్డంగిలో కాపలా ఉన్న ఉద్యోగులు కొందరు వడ్ల సంచుల మధ్య, వేరుశనగల మధ్య కూర్చుని ఆకలితోనే ప్రాణం వదిలారు, గింజ ముట్టలేదు. వావిలోవ్ గారు అప్పటికే తమ ప్రభుత్వమే పెట్టిన జైల్లో ఉండి 1943లో అక్కడే పోయారు. మా కౌంటర్లో ఇతరుల సొమ్ము వందల కోట్లు నా చేతి మీదుగా పోయింది. కానీ అలాంటి కస్టోడియన్లను నేను చూడలేదు. ఇప్పుడు నార్వే దేశపు మంచు కొండలో 2008 నుంచి ఒక విత్తనాల లాకరు ఉంది, 12 లక్షలకు పైగా నమూనాలు అందులో ఉన్నాయి. ఏ దేశం పెట్టుకున్నది ఆ దేశానిదే. సిరియా యుద్ధంలో అలెప్పో ఊరి విత్తన కేంద్రం పనిచేయలేని స్థితికి వచ్చినప్పుడు, 2015లో ఆ లాకరు నుంచి మొదటి విత్‌డ్రాయల్ జరిగింది. ఆ విత్తనాలను లెబనాన్‌లో, మొరాకోలో మొలిపించి, 2017లో కొత్త విత్తనాలు తిరిగి జమచేశారు. పిల్లలు ఈ కథ విని చప్పట్లు కొడతారు. ఎందుకో నాకు తెలియదు, నాకూ కొట్టాలనిపిస్తుంది.

ఇక నేర్పే పద్ధతికి వస్తాను. ఇందులో నేను మొదట చేసిన తప్పు ఏమిటంటే, అయిదేళ్ళ పిల్లల ముందు అడవులు తగలబడుతున్నాయి, జాతులు అంతరించిపోతున్నాయి అని మొదలుపెట్టాను. రెండో వారం ఒక తల్లి వచ్చి, "మామా, మా పాప రాత్రి నిద్రలో ఏడుస్తోంది" అంది. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళు నిండేదాకా పోవడం గురించి చెప్పడం మానేశాను. ఉన్నదాన్ని చూపించడమే. మనకు పరిచయం లేని మనిషి పోయాడంటే మనం ఎంత బాధపడతాం? ముందు పరిచయం కావాలి.

దానికి నేను పెట్టుకున్న ఉపాయం పాస్‌బుక్. ప్రతి పిల్లా తను రోజూ చూడగలిగే చెట్టు ఒకటి ఎంచుకోవాలి. పెద్దదైనా చిన్నదైనా సరే, ఇంటికి దగ్గర ఉండాలి. నలభై పేజీల నోటు పుస్తకంలో గీతలు కొట్టి ఇస్తాను: తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ. కొత్త చిగురు జమ, పూత జమ, కాయ జమ, పిట్ట గూడు కట్టితే పెద్ద జమ. ఆకు రాలితే ఖర్చు, కొమ్మ కొడితే ఖర్చు, బోర్డు కోసం మేకు కొడితే ఖర్చు. వారానికొకసారి రాయాలి. రాయడం రాని పిల్లలు బొమ్మ వేయాలి. ఏడాది తిరిగేసరికి వేప ఎప్పుడు ఆకు రాల్చి ఎప్పుడు పూస్తుందో, చింత ఎప్పుడు చిగురిస్తుందో, ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరి పుస్తకం ఇంకొకరిది పక్కపక్కన పెడితే, ఒకే వీధిలో రెండు వేపచెట్లు కూడా ఒకే రోజున పూయవని పట్టుకుంటారు.

నిల్వ గడిలో ఏం రాయాలని ఒక పాప అడిగింది. నిల్వ తేల్చకుండా నేను 38 ఏళ్ళలో ఒక్క రోజు ఇంటికి పోలేదు, కానీ దానికి జవాబు తోచలేదు. నీకు తోచింది రాయమన్నాను. ఆ పాప ప్రతి వారం 'ఉంది' అని రాసింది. ఉంది, ఉంది, ఉంది. తొమ్మిది నెలలు. ఆ తర్వాత వీధి వెడల్పు చేసే పనిలో ఆ చెట్టు పోయింది. ఆ వారం 'లేదు' అని రాసి పుస్తకం నాకిచ్చేసింది. అది మా వీధి మొన కానుగే. ఆ పాప మా మనవరాలికి స్నేహితురాలు.

అదృష్టం ఏమిటంటే, అంతకు ముందు రాలిన కానుగ కాయలు దాని డబ్బాలో ఉన్నాయి. పదకొండు గింజలు పెట్టాం, నాలుగు మొలిచాయి. ఒకటి ఈ హాలు వెనుక ఉంది, పోతూ చూడండి. పెద్ద చెట్టుకు ఇది సమానమని నేను చెప్పను. ఆ చెట్టుకు నా వయసుండేది.

పేర్ల సంగతి. ప్రతి చెట్టుకూ పిల్లలకు రెండు పేర్లూ చెబుతాను, మన ఇంటి పేరు, ఊరి పేరు. మర్రి, ఆలమరం, రావి, అరసమరం, చింత, పుళియమరం, నేరేడు, నావల్, జిల్లేడు, ఎరుక్కు, తంగేడు, ఆవారం, మద్ది, మరుదం. ఆ వెంటనే ఆట మొదలవుతుంది. "అయితే మరుదమలై అంటే మద్ది చెట్ల కొండా తాతా? పుళియంపట్టి అంటే చింతచెట్ల ఊరా?" అని పిల్లలే ఊళ్ళ పేర్లలో చెట్లు వెతుకుతారు. భోగినాడు ఇక్కడి పద్ధతిలో చూరుకు కాప్పు కడతాం కదా, వేపాకు, తంగేడు పువ్వు, కొండపిండి. ఇప్పుడు బజారులో కట్ట కొనేస్తాం. కిందటేడు పిల్లలతో వెళ్ళి మూడూ ఏరుకుని వచ్చాం. కొండపిండికి అరగంట పట్టింది. మన పెద్దలు విజయనగర కాలం నుంచి తరతరాలుగా ఈ నల్లరేగడి నేలలకు వచ్చి పత్తి, జొన్న పండించుకున్నారు. వచ్చేటప్పుడు విత్తనాలతో పాటు ఈ పేర్లు కూడా మూట కట్టుకుని వచ్చారు. అవి పోగొట్టింది మా తరమే. తమిళం పేరు నేర్చుకోవద్దని నేను అనడం లేదు; రెండూ రావాలి. రెండు పేర్లున్న చెట్టును మరిచిపోవడం కష్టం.

కరివేపాకు సంగతి చెప్పి తీరాలి. కారమడై చుట్టూ ఎకరాలకు ఎకరాలు కరివేపాకు తోటలే కదా. ఇంటి కరివేప మొక్కలో మీరు ఎప్పుడైనా పిట్ట రెట్టలాంటిది ఆకు మీద చూసి ఉంటారు. అది రెట్ట కాదు, పురుగు. తినేవాళ్ళను మోసం చేయడానికి ఆ వేషం. పెరిగాక పచ్చగా మారి, గూడు కట్టి, నల్లని సీతాకోక చిలుకవుతుంది. దాని ఆడదాంట్లో కొన్ని, ఇంకొక విషపు సీతాకోక చిలుక రంగులు వేసుకుని తిరుగుతాయి, పిట్టలు భయపడాలని. ఆ విషపు చిలుక పిల్లలు తినేది ఈశ్వరి తీగ ఆకు. ఒకదానికి కరివేప, ఒకదానికి ఈశ్వరి. మొక్క పోతే ఆ రెక్కలు పోతాయి. ఇది విన్న ఒక పాప ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ పురుగుల మందు చల్లబోతోంది. ఇంట్లో పెద్ద గొడవ అయింది. చివరకు రాజీ కుదిరింది: రెండు కొమ్మలు పురుగుకు, మిగతావి సాంబారుకు. పద్దెనిమిది రోజులకు చిలుక ఎగిరిపోయింది. వాళ్ళమ్మ ఈ సభలోనే ఉన్నారు, ఇప్పుడు ఆమే నాకు ఫోన్ చేసి గుడ్లు పెట్టిందని చెబుతారు.

మేడిపండు విప్పితే పురుగులని మన భాషలో అందరికీ తెలుసు. మంచితనం నటించేవాణ్ణి తిట్టడానికి వాడతాం. పిల్లలతో పండు విప్పి చూశాం. అవి చిన్న కందిరీగల జాతి. మేడి పువ్వులు పండు లోపలే ఉంటాయి. ఆ ఈగ లోపలికి దూరి పుప్పొడి చేరిస్తేనే గింజ కడుతుంది. మర్రికి వేరే ఈగ, రావికి వేరే ఈగ. ఈగ లేకపోతే చెట్టుకు సంతానం లేదు, చెట్టు లేకపోతే ఈగకు ఇల్లు లేదు. పాపం మేడిపండును మనం ఇన్ని వందల ఏళ్ళు అనవసరంగా ఆడిపోసుకున్నాం.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మూడేళ్ళ కిందట, తినదగిన ఆకుల పాఠం చెప్పాను. పొన్నగంటి, మునగ, అవిసె, కామంచి పండు. పిల్లలు కామంచి పండ్లు తిని సంతోషించారు. మధ్యాహ్నం ఆరేళ్ళ బాబు ఒకడు, కంచె మీద ఉన్న అడవి ఆముదం గింజలు, మన దగ్గర కాట్టామణక్కు అంటారు, రుచిగా ఉన్నాయని నాలుగైదు తిన్నాడు. వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి రాత్రంతా ఉంచారు. మరునాటికి తేరుకున్నాడు. వాడు డాక్టరుగారితో అన్న మాట, "తాత చెట్టు కాయలు తినొచ్చన్నారు." తప్పు నాదే. తినేవి చెప్పాను, తినకూడనివి చెప్పలేదు. తరగతి మూసేస్తానని ఆ తల్లిదండ్రులతో చెప్పడానికి వెళ్ళాను. బాబు తండ్రి ముక్కుసూటిగా, "మూస్తే వీడు రేపు గన్నేరు కాయ తింటాడు. మీరు దాన్ని కూడా నేర్పండి" అన్నాడు. అప్పటి నుంచి మొదటి పాఠం విషాలదే. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం, అడవి ఆముదం. ఇవి చూడాలి, గుర్తుపట్టాలి, నోట్లో పెట్టకూడదు. పెద్దవాళ్ళు చేతికివ్వనిది ఏదీ తినకూడదు. ఏదైనా తిన్నారని అనుమానం వస్తే ఇంటి వైద్యం వద్దు, తిన్న కాయతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. ఈ చెట్లను కొట్టేయమని మాత్రం నేను చెప్పను. జిల్లేడు పాలు కంటికి ప్రమాదమే, కానీ దాని ఆకు తిని బ్రతికే సీతాకోక చిలుక ఉంది, వినాయకుడికి దాని మాల ఉంది.

తల్లిదండ్రులకు రెండు మూడు మనవులు. మొక్క నాటి ఫోటో తీసుకోవడమే సంరక్షణ అనుకోకండి. మేమూ ఒకప్పుడు సంస్థ తరఫున నూరు మొక్కలు నాటాం, త్వరగా పచ్చగా కనబడాలని కోనోకార్పస్. ఒక్క పిట్ట వాటి మీద గూడు కట్టడం నేను చూడలేదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. ఊటీ దారిలో అందమైన పూలతో కనబడే ఉన్నిచెడి, అదే లంటానా, కూడా తోటలో పెంచుకోవడానికి విదేశాల నుంచి తెచ్చిందే. ఇప్పుడు అడవిలో గడ్డిని, చిన్న మొక్కలను మింగేస్తోంది. పచ్చగా ఉన్నదంతా మేలు కాదు. పెరట్లో సిమెంటు పోయించినవాళ్ళు ఒక మూల మూడడుగులు పగలగొట్టించండి. నేను పగలగొట్టించాను. ముళ్ళముస్తె నారు కొండ దారిలో ఒక ఇరుళ అవ్వ ఇచ్చింది. రెండుసార్లు చచ్చి మూడోసారి బ్రతికింది. పిల్లల బట్టలకు మట్టి అంటితే కసరకండి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఊరి మొక్కల, జంతువుల, వాటి గురించి జనానికి తెలిసిన సంగతుల రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరులో రాయడానికి సంగతులు తెలిసినవాళ్ళు మన ఇళ్ళలో మంచాల మీద ఉన్నారు. పెద్ద పిల్లలు ఈ సెలవుల్లో మీ అవ్వతో, తాతతో కూర్చుని వాళ్ళకు తెలిసిన మొక్కల పేర్లు, వాడకం రాసిపెట్టండి. ఆ పని వాయిదా వేయడానికి వీల్లేదని వేరే చెప్పనక్కరలేదు.

స్కాలర్‌షిప్పు విద్యార్థులు ఇంజనీరింగ్, కామర్సు తప్ప దారి లేదనుకోకండి. మన ఊళ్ళోనే అటవీ కళాశాల ఉంది. కోయంబత్తూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం, బొటానికల్ సర్వే దక్షిణ కేంద్రం, అటవీ జన్యు పరిశోధన సంస్థ ఉన్నాయి. ఆనైకట్టిలో సాలిం అలీ పక్షుల కేంద్రం ఉంది. బస్సులో రెండు గంటల లోపు ఇన్ని ఉన్న ఊరు దేశంలో ఎన్ని ఉంటాయి? 1902లో పెట్టిన గ్యాస్ మ్యూజియం కూడా కోయంబత్తూరులోనే ఉంది, చెట్ల కాండాలు అడ్డంగా కోసి పెట్టి ఉంటారు. వలయాలు లెక్కపెట్టి మా పిల్లలు నాతో పందెం కాస్తే, నేనే ఓడిపోయాను.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఈ హాలు ముందే కలుస్తాం. గీతలు కొట్టిన పాస్‌బుక్కులు నలభై తెచ్చాను, ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, ఇంటికి ఒకటి తీసుకోండి. పెన్సిలు, నీళ్ళ సీసా, పాత చెప్పులు మీవి. చిన్నపిల్లలతో పాటు తల్లో తండ్రో ఒకరు తప్పక రావాలి.